రోజూ ఒక భాగం: డోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితం

హైదరాబాద్ నుంచి మానుకోట, ఖమ్మం, కొత్తగూడెం వైపు వెళ్ళే మన పిల్లలందరికీ డోర్నకల్ జంక్షన్ తెలుసు. కొత్తగూడెం రైలు దారి, ఇల్లెందు బొగ్గు గనుల దారి విడిపోయేది అటువైపే. ఆ ఊళ్ళోనే గుమ్మటాలు, స్తంభాలతో ఒక పెద్ద గుడి ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళు కొందరు మసీదు అనుకుంటారు, కొందరు హిందూ దేవాలయం అనుకుంటారు. నిజానికి అది చర్చి. దాన్ని కట్టించిన మనిషి, ఆ ప్రాంతంలో అక్షరం రాని వేల కుటుంబాలకు రోజూ ఒక పుస్తకం వినే అలవాటు నేర్పిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది.

టోలిచౌకిలో గిరిజన విద్యార్థుల వసతి గృహం చూసుకునే మేము, ఈ సంచికలో మన యువతకు ఆయన జీవితం చెప్పాలనుకున్నాం. మన సంఘంలో సేవాలాల్ మహారాజ్‌ను కొలిచేవారున్నారు, సమ్మక్క సారలమ్మలకు మొక్కేవారున్నారు, ఆదివారం చర్చికి వెళ్ళేవారున్నారు. ఇది ఒక మతం వారి కోసం రాసింది కాదు. చదువు లేని సమాజం రోజూ కలిసి కూర్చుని చదివితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మన పక్కనే ఉన్న ఉదాహరణ ఇది. అందుకే రాస్తున్నాం.

బాల్యం, చదువు

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాడులో, అప్పటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులాన్ని పైకులాల వారు దూరం పెట్టేవారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె చర్చిలో గురువు. అజరయ్య గారికి పదిహేనేళ్ళు నిండే కాలంలోనే తండ్రి చనిపోయారు. తల్లి ఎల్లెన్ గారి భక్తి, క్రమశిక్షణ ఆయన మీద బలంగా పనిచేశాయి.

మన పిల్లల్లాగే ఆయన కూడా ఇల్లు వదిలి, మెజ్ఞానపురం అనే ఊళ్ళో బోర్డింగ్ బడిలో చదువుకున్నారు. తర్వాత తిరునెల్వేలిలో, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. లెక్కలు ఆయన సబ్జెక్టు. చివరి పరీక్షల సమయంలో జబ్బుపడ్డారు. పరీక్ష రాయలేదు, డిగ్రీ రాలేదు. తర్వాత కూడా ఆ పరీక్ష రాయలేదు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఒక్క పరీక్ష పోతే జీవితం పోయిందనుకునే మా పిల్లలకు ఈ మాట ప్రతి ఏడూ చెబుతూ ఉంటాం.

1895 నుంచి 1909 వరకు ఆయన వై.ఎం.సి.ఎ. అనే యువజన సంస్థలో కార్యదర్శిగా పనిచేశారు. దక్షిణ భారతమంతా తిరిగి కుర్రవాళ్ళతో మాట్లాడటం, చదివించడం ఆ ఉద్యోగం. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. దక్షిణ భారతంలో కాలేజీ మెట్టు ఎక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాత డోర్నకల్‌లో పల్లె ఆడవాళ్ళ చదువు, శుభ్రత, పసిపిల్లల సంరక్షణ వంటి పనులను ఆమె దగ్గరుండి చూసుకున్నారు.

డోర్నకల్ దారి

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తెల్లవారి డబ్బు కోసం చూడకుండా, తమ చందాలతో తమ మనుషులనే వేరే ప్రాంతాలకు పంపడం చూశారు. మనమెందుకు అలా చేయకూడదు అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. 1903లో తిరునెల్వేలి వారితో కలిసి భారతీయ మిషనరీ సంఘం పెట్టారు. పని ఎక్కడ మొదలుపెట్టాలని వెతికితే, నిజాం రాజ్యంలో వరంగల్ వైపున్న మానుకోట, డోర్నకల్ ప్రాంతం కనిపించింది. చదువు లేదు, వైద్యం లేదు, వెట్టి ఉంది, అప్పు ఉంది. 1905లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో దేశమంతటికీ జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు కూడా ఆయన ముందున్నారు.

అయితే ఇతరులను పంపి తాను ఊళ్ళు తిరుగుతూ ఉపన్యాసాలు చెప్పడం ఆయనకు సరిపడలేదు. 1909లో మంచి ఉద్యోగం వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు. తెలుగు తెలియదు. తమిళం, ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి ఆ వయసులో పల్లె తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. తర్వాత ఆయన తెలుగులో ప్రసంగించారు, తెలుగులో పుస్తకాలు రాశారు. ఒక సమాజానికి ఏదైనా చెప్పాలంటే ముందు ఆ సమాజం మాట నేర్చుకోవాలి. భాష రాకుండా మన తండాలకు, గూడేలకు వచ్చిపోయే అధికారులను చూసిన మనకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ తెల్లవారి ముందు నిలబడి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మాతో సమానంగా కూర్చుని స్నేహం చేయలేదని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో చాలామందికి అది నచ్చలేదు. అయినా ఆ మాట ఈనాటికీ ఆ సభ చరిత్రలో నిలిచింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల నుంచి బిషప్ అయిన మొదటి వ్యక్తి ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన్ను నిలబెట్టారు. ఒక నల్లవాడి కింద ఎలా పనిచేస్తామని తెల్లవారిలో కొందరు అడ్డుపడ్డారు. భారతీయుల్లోనూ కులం చూసి గొణిగినవారున్నారు. అందుకే మొదట ఆయనకు చాలా చిన్న ప్రాంతం అప్పగించారు. 1920ల్లో కృష్ణా, గోదావరి, రాయలసీమ వైపు మిషన్లు కూడా చేరి, డోర్నకల్ దక్షిణ భారతంలోని పెద్ద మేత్రాసనాల్లో ఒకటైంది.

రాత్రి పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆయన దగ్గరికి వచ్చిన జనంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఎరుకల, వడ్డెర, లంబాడీ కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ళల్లో చదవగలిగినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. పుస్తకం చేతికిస్తే ఏం చేసుకుంటారు?

తెలుగు బైబిలు అప్పటికే ఉంది. విశాఖపట్నంలో దెగ్రాంజ్ అనే మిషనరీ, ఆనందరాయరు అనే పండితుడి సాయంతో మొదలుపెట్టిన అనువాదంలో కొన్ని సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన 1818లో, మొత్తం బైబిలు 1854లో వచ్చాయి. పుస్తకం వచ్చి యాభై ఏళ్ళు దాటినా, పల్లె కూలీకి అది మూసి ఉన్న పెట్టెలాంటిదే.

ఆంగ్లికన్ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏడాది పొడవునా ఏ రోజు ఉదయం ఏ భాగం చదవాలి, సాయంత్రం ఏ భాగం చదవాలి అని పట్టిక ఉంటుంది. ఎక్కడున్నా అదే వరస. అజరయ్య గారు తెల్లవారకముందే లేచి, చదువుకుని, ఏ రోజు ఎవరి కోసం ప్రార్థించాలో రాసి పెట్టుకున్న పేర్లు చూసుకుని ప్రార్థన చేసేవారు. అంత పెద్ద ప్రాంతం చూసుకుంటూ, ఎద్దుల బండి మీద ఊరూరూ తిరుగుతూ కూడా ఈ అలవాటు తప్పలేదు. తాను రోజూ చేసేదాన్నే జనం చేత చేయించాలనుకున్నారు. కానీ వాళ్ళకు సరిపోయే పద్ధతిలో చేయించారు.

పగలంతా జనం పొలాల్లో ఉంటారు. కాబట్టి పాఠం రాత్రికి మారింది. కూలి నుంచి వచ్చి, ఇంత తిన్నాక, పల్లెలో ఒకచోట చేరేవారు. పల్లె ఉపాధ్యాయుడు ఒక కథ చదివి, తిరిగి తన మాటల్లో చెప్పేవాడు. ఒక వాక్యం అందరి చేతా పలికించేవాడు. ఒక కీర్తన పాడేవారు. మర్నాడు నిన్నటి కథ ఏమిటని అడిగేవాడు. పిల్లవాడు చెప్పినా సరే, ముసలమ్మ చెప్పినా సరే. ఇలా అక్షరం రాకపోయినా పుస్తకం నోటికి వచ్చేది. నోటికి వచ్చినవాళ్ళ పిల్లలకు అక్షరం మీద ఆశ పుట్టేది. రాత్రి ప్రార్థన జరిగే పాకే పగలు బడి అయ్యేది.

ఆ ఉపాధ్యాయులు పెద్ద చదువులు చదివినవారు కారు. చాలామంది అవే కుటుంబాల నుంచి వచ్చినవారు. వాళ్ళు నెలకొకసారి గురువు ఉండే ఊరికి వచ్చి, జీతం తీసుకుని, వచ్చే నెల పాఠాలు నేర్చుకుని వెళ్ళేవారు. ఒకేసారి పదేళ్ళ చదువు చెప్పి పంపడం కాదు. ఒక నెలకు సరిపడా నేర్పి, అది పల్లెలో చెప్పించి, మళ్ళీ పిలవడం. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఈ పద్ధతి చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బిషప్ గారు పల్లెకు వచ్చినప్పుడు కూడా ప్రసంగం చెప్పి వెళ్ళిపోవడంతో సరిపెట్టేవారు కారు. జనాన్ని ప్రశ్నలు అడిగేవారు. వచ్చిన జవాబుల నుంచే పాఠం ముందుకు సాగేది.

చదివినదాన్ని బతుకుకు ముడిపెట్టారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని, వీటిని తరిమేవరకు పాఠం నేర్చుకున్నట్టు కాదని చెప్పేవారు. ఆడవాళ్ళు వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, వారానికొకసారి గుడికి తెచ్చేవారు. పేదవాడు తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా అన్న గౌరవం ఆ పిడికెడు బియ్యంతో వచ్చింది. మూడు దశాబ్దాల్లో కొన్ని వేల మందితో మొదలైన ఆ సమాజం రెండు లక్షలు దాటింది. వాళ్ళ నుంచే ఉపాధ్యాయులు, నర్సులు, గురువులు వచ్చారు.

గుడి కూడా ఇంగ్లండ్ నమూనాలో వద్దన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా కొంచెం కొంచెంగా కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో హిందూ దేవాలయాల స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. ఈ నేలలో ఉన్న గుడి ఈ నేలదిగానే కనిపించాలన్నది ఆయన పట్టుదల.

వాదాలు, మన ప్రశ్నలు

ఆయన్ను అందరూ మెచ్చుకోలేదు. గాంధీజీకి, ఆయనకు 1930ల్లో గట్టి భేదాభిప్రాయం వచ్చింది. పేదలను మతం మార్చకుండానే వారికి సేవ చేయవచ్చు కదా అన్నది గాంధీజీ వాదన. పేదవాడికి తన మంచి చెడు తానే ఎంచుకునే తెలివి ఉంది, ఆ హక్కు అతనిదే అన్నది అజరయ్య గారి వాదన. అదే అజరయ్య గారు, క్రైస్తవులకు వేరే ఓటరు నియోజకవర్గాలు కావాలన్న కోరికను మాత్రం వ్యతిరేకించారు. మతం పేరుతో సమాజం విడి గది కట్టుకుని కూర్చోకూడదని ఆయన అభిప్రాయం. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే. ఇద్దరి మాటలనూ మన యువత తెలుసుకుని, తామే ఆలోచించుకోవాలి.

ఈ వాదం మనకు పాత కథ కాదు. తండాలో ఒక ఇల్లు చర్చికి వెళ్తే, పక్క ఇల్లు తీజ్‌కు పిలవాలా వద్దా అని ఆలోచిస్తోంది. మతం మారితే ఎస్టీ హోదా తీసేయాలని ఈ మధ్య కొందరు అంటున్నారు. పిల్లలు భయపడి మమ్మల్ని అడుగుతుంటారు. ఉన్న చట్టం ఏమిటో చెబుతాం. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. మనం గిరిజనులం కావడం మన పుట్టుక, మన తెగ వల్ల. ఏ దేవుడికి దండం పెడతామన్నదాని వల్ల కాదు. ఇది తెలిస్తే ఇంటికీ ఇంటికీ మధ్య గోడ కొంతైనా తగ్గుతుంది.

ఇంకొక ప్రశ్న మన పెద్దలది. కొత్త పాటలు వచ్చాక పాత పాటలు ఏమయ్యాయి? ఇది న్యాయమైన బాధ. కథ వినడం, నోటికి పట్టుకోవడం మనకు ఎవరో కొత్తగా నేర్పిన విద్య కాదు. కోయ డోలీలు పడిగె పరిచి, బొమ్మలు చూపిస్తూ వంశ కథలు చెప్పేవారు. గోండుల ప్రధాన్‌లు వాద్యం వాయిస్తూ పురాణం పాడేవారు. మన గోర్ తండాల్లో రాత్రి భజనల్లో సేవాలాల్ కథ తెల్లవార్లూ సాగేది. రోజూ కలిసి వినే జనం మనం. డోర్నకల్ ప్రాంతంలో రాత్రి పాఠం నిలబడటానికి ఈ నేల జనం చెవి ముందే సిద్ధంగా ఉండటం కూడా ఒక కారణమని మా నమ్మకం.

భాష విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో, అజరయ్య గారు రాకముందే, కెయిన్ దొర అనే మిషనరీ కోయల మధ్య చాలా ఏళ్ళు ఉండి వారి ఆచారాలు రాసి పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే కోయ భాషలో సువార్త భాగం అచ్చయింది. మన భాషను అచ్చు పుస్తకంలో చూడటం అంత పాతది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి ప్రతులు, గోండులు తమ భాషను తామే రాసుకున్నారని చూపిస్తున్నాయి. అయినా ఈ రోజు మా హాస్టల్లో కోయ, గోర్ బోలి మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలున్నారు. టోలిచౌకి బజారులో ఉర్దూ గబగబా నేర్చుకుంటారు, ఇంగ్లీషు నేర్చుకుంటారు. అమ్మకు ఫోన్ చేసేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు. ముప్పై అయిదేళ్ళ వయసులో పరాయి పల్లె భాష నేర్చుకున్న మనిషి కథ వాళ్ళకు చెప్పాలనిపించడానికి ఇదొక కారణం.

ఆయన చివరి రోజులు

దక్షిణ భారతంలోని వేర్వేరు చర్చిలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నంలో అజరయ్య గారు మొదటి నుంచీ ఉన్నారు. ఆ పని పూర్తికావడం ఆయన చూడలేదు. 1945 జనవరి 1న, డెబ్బై ఏళ్ళ వయసులో, డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన్ను తాను కట్టించిన గుడి ఆవరణలోనే సమాధి చేశారు. తమిళ దేశంలో పుట్టిన మనిషి తెలంగాణ మట్టిలో కలిశారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు మేము చెప్పదలచుకున్నది ఇదే. ఆయన చేసిన పనిలో మీరు చేయగలిగింది ఒకటుంది. అది డబ్బుతో పని లేనిది. రోజూ ఒకే సమయానికి, ఒకేచోట, పదిమంది కూర్చుని, ఒక్క భాగం బయటికి చదవడం. మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక పావుగంట ఇలా చదివిస్తాం. ఒకరోజు పేపరు, ఒకరోజు రాజ్యాంగం, ఒకరోజు అటవీ హక్కుల చట్టం, ఒకరోజు ఎవరి ఇంటి పవిత్ర గ్రంథం వారిది, ఒకరోజు తాత చెప్పిన కథ. చదివినదాన్ని ఒకరు తమ ఇంటి భాషలో తిరిగి చెప్పాలి. మొదట నవ్వుతారు. నెల తిరిగేసరికి నేను చెప్తా అంటే నేను చెప్తా అంటారు.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీరు కూడా మొదలుపెట్టండి. మీ తండాలో, మీ గూడెంలో చదవడం రానివాళ్ళు ఇంకా ఉన్నారు. పట్టా కాగితం మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసేవాళ్ళున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని ఒక్క పేజీ చదివి వినిపించండి. మర్నాడు మళ్ళీ వెళ్ళండి. మొదటి రోజు ఎవరైనా వెళ్తారు. ఫలితం ఉండేది రెండో రోజు, మూడో రోజు, ఏడాది తర్వాతి రోజు కూడా వెళ్ళినవారికే.